కోళ్ల ఆవరణ తలుపు: కుక్కలు, ముంగిసలు, ఈదురుగాలుల నుంచి రక్షణ

ప్రశ్న: మొయినాబాద్ దగ్గర మా పెరట్లో 35 వనరాజా కోళ్లను పెంచుతున్నాను. అవి తిరిగే జాలీ ఆవరణకు చెక్క చట్రంతో, కోడి జాలీతో తలుపు చేయించాం. పోయిన వారం రాత్రిపూట ఏవో తలుపు కింద మట్టి తవ్వి, నాలుగు కోళ్లను చంపి, తినకుండానే వదిలి వెళ్లాయి. పగలు గుడ్లు కూడా మాయమవుతున్నాయి. మే నెల గాలివానకు తలుపు పై కబ్జా ఊడిపోయింది. కొత్త తలుపు ఎలా చేయించుకోవాలి?
– ఒక మహిళా రైతు, రంగారెడ్డి జిల్లా

జవాబు: మీరు రాసిన గుర్తులను బట్టి చూస్తే మీ ఆవరణలోకి వస్తున్నది ఒకే రకం జంతువు కాదనిపిస్తోంది. మట్టి తవ్వి లోపలికి దూరడం, ఒకే రాత్రి నాలుగు కోళ్లను కొరికి చంపి తినకుండా వదిలేయడం సాధారణంగా ఊరకుక్కల పని. అడవిపిల్లి అయితే ఒక కోడిని నోట కరచుకొని వెళ్లిపోతుంది. పగలు పోతున్న గుడ్ల పెంకులు అక్కడక్కడా పడి ఉంటే ముంగిసనో కాకినో, పెంకు ఆనవాలే లేకపోతే పామును కూడా అనుమానించాలి. ముంగిస పగటిపూటే వేటాడుతుంది కాబట్టి చీకటి పడ్డాక తాళం వేసుకుంటే సరిపోతుందని అనుకోకండి. పైగా వనరాజా బరువైన కోడి; నాటుకోడిలా ఎగిరి కొమ్మ మీదికి చేరి తప్పించుకోలేదు.

తలుపు గురించి అడిగే రైతులు ముందుగా తాళం గురించి అడుగుతారు. నేను మాత్రం ముందు గడప చూడమంటాను. తలుపు వెడల్పుకు రెండు వైపులా మరో అడుగున్నర కలిపి, అడుగు లోతు కాలువ తవ్వించి, అందులో తాండూరు బండను నిలువుగా పాతించండి లేదా కాంక్రీటు పోయించండి. బయటి వైపు నేల మీద అడుగున్నర వెడల్పున ఇంకో బండ పరిపించండి. కుక్క తలుపును ఆనుకునే గీకడం మొదలుపెడుతుంది. గోళ్లకు రాయి తగిలితే వెనక్కి జరిగి, దూరం నుంచి సొరంగం తవ్వాలన్న ఆలోచన దానికి సాధారణంగా రాదు. గడప లోపలి నేల కంటే ఆరు అంగుళాలు ఎత్తుగా ఉంటే వాన నీరు లోపలికి రాదు, పరచిన ఊక బయటికి పోదు. గడపకూ తలుపుకూ మధ్య సందు అర అంగుళానికి మించకూడదు.

కోడి జాలీ కోడిని లోపల ఉంచడానికే పనికివస్తుంది, కుక్క పళ్లను ఆపలేదు. అర అంగుళం కళ్లున్న వెల్డ్ మెష్ (తీగలను వెల్డింగ్‌తో అతికిన గట్టి ఇనుప జాలీ) వాడితే ముంగిసే కాదు, ఎలుక కూడా దూరదు. మెష్‌ను చట్రానికి బయటి వైపున పెట్టి, పైన ఇనుప పట్టీ వేసి స్క్రూలతో బిగించాలి. అప్పుడు కుక్క ఎంత నెట్టినా అది చట్రానికే అదుముకుంటుంది. చెక్క చట్రం వానాకాలంలో ఉబ్బి, ఎండాకాలంలో కుంచించుకుపోతుంది కనుక జులైలో బిగుతుగా ఉన్న తలుపుకు ఏప్రిల్‌లో వేలు దూరే సందు వస్తుంది. వీలైతే ఇనుప చట్రమే చేయించండి. చెక్కే వాడదలిస్తే కింది కబ్జా మూల నుంచి ఎదురుగా పై మూలకు ఒక ఏటవాలు కట్టె కొట్టించండి, లేకపోతే తలుపు వాలిపోతుంది.

తలుపు బయటికి తెరుచుకోవాలి, దర్వాజకు లోపలి వైపు ఆపు పట్టీ ఉండాలి. గడియ మధ్యలో ఒక్కటే ఉంటే కుక్క కింది మూలను మూతితో నెట్టినప్పుడు తలుపు వంగి సందు ఇస్తుంది. అందుకే పైన ఒకటి, కింద ఒకటి పెట్టించండి. కోతులు తిరిగే చోట గొళ్లేనికి తాళం కూడా వేయక తప్పదు.

ఇక గాలి సంగతి. రేకుతో పూర్తిగా మూసిన తలుపు ఈదురుగాలికి తెరచాపలా పట్టుకుంటుంది, కబ్జాలు ఊడిపోతాయి. కింద అడుగున్నర వరకు మాత్రమే రేకు వేసి, పైనంతా మెష్ ఉంచి, మూడు కబ్జాలు పెట్టించండి. నైరుతి రుతుపవనాల గాలి పడమటి నుంచి వీస్తుంది కాబట్టి తలుపు తూర్పున ఉండటం మేలు. పైన మూడడుగుల సూరు దించితే జల్లు కూడా తగ్గుతుంది. వానకు భయపడి తలుపునంతా టార్పాలిన్‌తో మూసేస్తే లోపల అమ్మోనియా పేరుకొని కోళ్ల కళ్లు మండుతాయి. కట్టినా పైన అడుగు మేర గాలి ఆడనివ్వండి. ఎండాకాలంలో టార్పాలిన్ తీసి తడి గోనె సంచులు వేలాడదీయండి.

తలుపు బిగించాక చీకట్లో లోపల టార్చి వెలిగించి, తలుపు మూసి, బయట వంగి చూడండి. వెలుతురు గీతలా కారే ప్రతి చోటూ మూయవలసిన సందే. తర్వాత కింది మూలను మోకాలితో గట్టిగా నొక్కండి, రెండు వేళ్లు దూరితే గడియ మళ్లీ బిగించాల్సిందే.

ముంగిసను, అడవిపిల్లిని పట్టడం, చంపడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. విషం కలిపిన ఎర అసలే పెట్టవద్దు, దాన్ని మీ కోళ్లే తినే ప్రమాదం ఉంది.

కుక్కలు ఒకసారి కోడి దొరికిన చోటికి మళ్లీ వస్తాయి. కాబట్టి కొత్త తలుపు తయారయ్యేదాకా ఆగకుండా ఈ రాత్రి నుంచే కోళ్లను గోడలున్న గదిలోకి మార్చండి. ఆ వీలు లేకపోతే తలుపు కింద తవ్విన గుంతను రాళ్లతో నింపి, దాని మీద బరువైన బండ వేయండి.