‘స్పాక్స్ బ్రెయిన్’ నిజంగా అంత చెత్త ఎపిసోడా?

అడిగింది ఇది: పాత స్టార్ ట్రెక్ (అమెరికన్ అంతరిక్ష టీవీ సిరీస్) మొత్తంలో ‘స్పాక్స్ బ్రెయిన్’ కంటే ఘోరమైనది లేదంటారు, ఒప్పుకుంటారా?

ఒప్పుకోను. బాగోలేదు, నిజమే. కానీ అట్టడుగు స్థానం ‘అండ్ ది చిల్డ్రన్ షల్ లీడ్’ అనే ఎపిసోడ్‌కే దక్కాలి. దీన్ని తిట్టేవాళ్ళలో చాలామంది చూసింది ఒక్క ముక్కే: స్పాక్ మెదడు ఎత్తుకెళ్ళిన పరాయి గ్రహం అమ్మాయి కారా కళ్ళు పెద్దవి చేసుకుని ‘‘బ్రెయిన్ అండ్ బ్రెయిన్! వాట్ ఈజ్ బ్రెయిన్?’’ అనే ముక్క. అది చూసి నవ్వేసి తీర్పు చెప్పేస్తారు.

అసలు ఆ డైలాగే కథలో అన్నిటికంటే తర్కబద్ధమైనది. కారా మన హీరోల అంతరిక్ష నౌక ఎంటర్‌ప్రైజ్‌లోకి వచ్చి, చేతి కంకణం మీద మీట నొక్కి అందర్నీ పడగొట్టి, సైన్స్ అధికారి స్పాక్ మెదడు తీసుకుపోతుంది. వాళ్ళ భూగర్భ నగరాన్ని నడిపే యంత్రానికి అది కావాలి. ఆపరేషన్ చేసే జ్ఞానం ఆమెకు ‘టీచర్’ అనే శిరస్త్రాణం నుంచి వస్తుంది. అది దాదాపు మూడు గంటలే నిలుస్తుంది, తర్వాత అంతా తుడిచిపెట్టుకుపోతుంది. కాబట్టి కెప్టెన్ కిర్క్ నిలదీసేసరికి ఆమెకు నిజంగానే ఏమీ తెలియదు. తప్పెక్కడంటే, ఈ సంగతి మనకు చాలాసేపటికి గానీ చెప్పరు. ముందే ఒక్క మాట చెప్పుంటే అదే సీన్‌లో భయం పుట్టేది. కారాగా వేసిన మార్జ్ డూసే పాపం సీరియస్‌గానే నటించింది.

మొదటి భాగంలో బ్రిడ్జి (నౌకను నడిపే గది) సీన్ ఒకసారి శ్రద్ధగా చూడండి. కారా ఓడ జాడ పట్టుకుని వీళ్ళు సిగ్మా డ్రకోనిస్ చేరతారు. అది నిజంగా ఉన్న నక్షత్రమే, మనకు దాదాపు 19 కాంతి సంవత్సరాల దూరం. అక్కడ మనిషి బతకగలిగే గ్రహాలు మూడు. ఒకటి భూమి లెక్కలో 1485 నాటి స్థాయిలో ఉంది, ఇంకోటి 2030 నాటి స్థాయిలో. మూడోది మంచుముద్ద, పరిశ్రమన్నదే లేదు. నౌక ఇంజనీర్ స్కాటీ నోరెళ్ళబెట్టిన కారా ఓడ అయాన్ ఇంజన్ వీటిలో ఏ గ్రహమూ చేయగలిగింది కాదు. మెదడెందుకు ఎత్తుకెళ్తారని అధికారిణి ఉహురా సూటిగా అడుగుతుంది. చక్కటి డిటెక్టివ్ కథ మొదలైనట్టే ఉంటుంది.

దిగజారేది నౌక డాక్టర్ మెకాయ్ రిమోట్ తీశాక. మెదడు లేని స్పాక్ ఒంటిని టక్కుటక్కుమని బటన్లు నొక్కి నడిపిస్తాడు. శరీరం 24 గంటలే నిలుస్తుందని చెప్పినవాడే దాన్ని మంచులో తిప్పడమేమిటి? సిక్‌బేలో (నౌకలోని ఆస్పత్రి గదిలో) ఉంచి, మెదడు దొరికాక ట్రాన్స్‌పోర్టర్‌తో (మనుషుల్ని క్షణంలో చేరవేసే యంత్రంతో) కిందికి దింపితే సరిపోయేది. చివర్లో కారా కంకణాన్ని ఆ శరీరం చేతే నొక్కించడానికే ఈ తిప్పలన్నీ. తలలు మారిన భేతాళ కథ విన్న మనకు, ఆ మనిషి ఇప్పుడు ఎవరన్న ప్రశ్న ముందు తడుతుంది. స్క్రిప్టుకు తట్టనే లేదు.

కుట్లేవీ, జుట్టు చెదరలేదేమిటి అని వెక్కిరిస్తారు. ప్రతి నరం కొసనీ శుభ్రంగా మూసేశారని, ఎక్కడా చిరగలేదని మెకాయ్ మొదట్లోనే చెప్తాడు, వినాలి మరి. తిరిగి అతికించే ఆపరేషన్ అయితే నాకు నచ్చుతుంది. ఈసారి ఆ శిరస్త్రాణం పెట్టుకునేది మెకాయ్. టీచర్ ఇచ్చిన జ్ఞానం మధ్యలో కరిగిపోతుంది, అతని చేతులు ఆగిపోతాయి. అప్పుడు మాట్లాడే నరాలు కలిపితే స్పాక్ తన ఆపరేషన్‌కి తనే సూచనలిస్తాడు. నవ్వొచ్చినా ఉపాయం మంచిదే.

తిట్లన్నీ మూడో సీజన్‌కి వచ్చిన కొత్త నిర్మాత ఫ్రెడ్ ఫ్రైబెర్గర్ ఖాతాలో వేయడం ఇంకో అన్యాయం. రాసింది జీన్ ఎల్. కూన్, ఇదే సిరీస్‌లో ‘ది డెవిల్ ఇన్ ది డార్క్’ ఎపిసోడ్ రాసిన ఆయనే. వేరే స్టూడియోతో ఒప్పందం ఉండి లీ క్రోనిన్ పేరు పెట్టుకున్నాడు. ఫ్రైబెర్గర్‌కి చిక్కింది కోసేసిన బడ్జెట్టు, శుక్రవారం రాత్రి 10 గంటల స్లాటు. ఆ వేళకి కుర్రకారు ఇంట్లో ఉంటుందా?

అభిమానులు ఉత్తరాలు రాసి రాసి సాధించుకున్న మూడో సీజన్ అది. 1968 సెప్టెంబర్ 20న దాన్ని దీనితో మొదలుపెట్టారు. తీసిన వరుసలో ఇది ఆరోది. ‘ది ఎంటర్‌ప్రైజ్ ఇన్సిడెంట్’ అనే ఎపిసోడ్ దీనికంటే ముందే తీశారు, ప్రసారమైంది మాత్రం వారం తర్వాత. ఆ రెండూ తారుమారు చేసుంటే దీన్ని ఇంతమంది గుర్తుపెట్టుకుని తిట్టేవాళ్ళే కాదు.