మాటల మూట: మంచె ఎక్కిన మాట

ప్రశ్న: మాస్టారూ, తుఫాను వస్తోందంటే చాలు, ఫోను 'అలర్ట్' అని గీపెడుతుంది. ఆ మాట ఎక్కడ పుట్టిందని మా ఎనిమిదో తరగతి పిల్ల అడిగితే నోరు వెళ్లబెట్టాను. కాస్త చెప్పరూ?
— ఒక పాఠకురాలు, గాజువాక

జవాబు: మీ అమ్మాయిని ఓసారి బీచ్ రోడ్డుకి తీసుకెళ్లి, లైట్‌హౌస్ ఉన్న డాల్ఫిన్ నోస్ చూపించండమ్మా. సగం జవాబు ఆ కొండే చెబుతుంది. ఇటలీ భాషలో 'ఎర్తా' అంటే నిటారుగా లేచిన మిట్ట. 'అల్లెర్తా' అంటే 'మిట్ట మీదికి' అని. శత్రువు జాడ కనిపెట్టే కావలివాళ్ల మాట అది. ఫ్రెంచివాళ్ల నోట్లో 'అలెర్త్' అయింది, 16వ శతాబ్దం చివర్లో ఇంగ్లిషువాళ్లు అందుకున్నారు. లాటిన్‌లో 'పైకి లేపు' అనే క్రియ దీని వేరు. 'ఎరెక్ట్' దీనికి తోబుట్టువు. 'అలారం' కూడా ఇటలీ సిపాయిల సొత్తే: 'అల్లార్మే', ఆయుధాలు పట్టండి! ఇప్పుడా కేక తెల్లారగట్ట మన తలగడ పక్కన మోగుతోంది.

కావలికి ఎత్తెందుకో నాకొకరు చెప్పక్కర్లేదు. భీమిలి దగ్గర మా తాతయ్య గంటి చేలో మంచె ఉండేది. సెలవులిస్తే పిట్టల్ని తోలే పని నాది. చేతిలో వడిసెల, ఒళ్లో గులకరాళ్లు. ఎండకి నా కళ్లు మూతలు పడితే తాతయ్య కిందనుంచి మంచె గుంజని కర్రతో టకటకా కొట్టి, "ఒరే, చిలకలు నీకు జోల పాడతన్నాయేట్రా?" అనేవాడు.

మనం వాడే మాటలకి ఎత్తుతో పనిలేదు. 'జాగ్రత్త'లో ఉన్నది మేలుకుని ఉండటం. 'అప్రమత్తం'లో ఉన్నది మత్తులో లేకపోవడం. 'హుషారు' పారశీకం నుంచి వచ్చింది, అక్కడ 'హోష్' అంటే స్పృహ. ఆ లెక్కన మంచె మీద కునికే నేను అలర్టే గానీ జాగ్రత్త కాదు! టీవీలో 'హై అలర్ట్' అన్నప్పుడల్లా నాకు నవ్వొస్తుంది. ఎత్తు మీద ఎత్తు, మన 'నడిసెంటర్' లాగా.

అన్నట్టు, వాతావరణ శాఖ వాడుకలో తుఫాను 'అలర్ట్' వేరు, 'వార్నింగ్' వేరు. మొదటిది కనీసం 48 గంటల ముందు ఇస్తారు, రెండోది 24 గంటల ముందు. కొవ్వొత్తులు అలర్ట్ నాడే కొనేయండి. 2014లో హుద్‌హుద్ అప్పుడు నేను వార్నింగ్ దాకా ఆగి కొట్టుకెళ్తే, మిగిలినవి రెండు డజన్ల పుట్టినరోజు కొవ్వొత్తులు.