రంగం నుంచి నడిచొచ్చిన మామ్మ గురించి

చిరంజీవి అమ్మాయికి,

మీ మామ్మ బర్మా నుంచి నడిచొచ్చిన సంగతి మీద నువ్వు రాసిన కథ రెండుసార్లు చదివాను. 1941 డిసెంబరు 23న రంగం మీద, అదే బర్మాలోని రంగూన్ మీద, పడ్డ జపాను బాంబులకి రెండు పేజీలిచ్చావు. మీ మామ్మ చెప్పినదానికి మాత్రం ఒక్క ముక్క: వాగు కనిపించగానే తాగబోతే నాన్న జుట్టు పట్టి వెనక్కి లాగాడని. ఆరేళ్ల పిల్లకి అప్పుడు ఎందుకో తెలీదు. కలరా. బర్మా నుంచి ఇటు వచ్చే అరకాన్ కొండల దారిలో నడిచినవాళ్లని అలాంటి రోగాలూ ఆకలీ మింగాయి. నీ కథ ఆ వాగు దగ్గరుంది, నువ్వేమో విమానాల వెంట పోయావు.

నేనూ అదే చేశాన్లే. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు పడ్డాయి కదా, దాని మీద కథ రాసి మా నాయనమ్మకే చదివి వినిపించాను. సైరన్ల హోరు, ఆకాశం నిండా విమానాలు! "అన్ని విమానాలెక్కడివిరా? నాకు కనపడింది ఒకటే. పొయ్యిలో నీళ్లు పోసి, అన్నం కుండ దించి చుట్టకుదురు మీద పెట్టి మరీ బండెక్కాను. ఆ అన్నం ఎవరు తిన్నారో" అంది. సినిమాల్లో చూసిన యుద్ధం తెచ్చి ఆవిడ నోట్లో పెట్టానన్నమాట.

తేదీలు సరిచూసుకో, కానీ మామ్మ "సంక్రాంతి వెళ్లాక" అంటే దాన్ని జనవరి అని దిద్దకు.

ఇంకోటి, ఇది నీకు నచ్చకపోవచ్చు. పక్కింటి బర్మావాళ్లు రాత్రికి రాత్రి పగవాళ్లయిపోయారని రాశావు. 1930 మే నెలలో రంగూన్ రేవులో మన తెలుగు కూలీలు సమ్మె కడితే, వాళ్ల పనిలో బర్మావాళ్లని పెట్టుకున్నారు. సమ్మె తీరగానే ఆ బర్మావాళ్లని పొమ్మన్నారు. గొడవ అక్కడ రాజుకుంది. చచ్చినవాళ్లలో మనవాళ్లే ఎక్కువ. ఇటూ అటూ పొట్టకూటి మనుషులే, కూలి రేటు తేల్చింది మాత్రం వేరేవాళ్లు. ఇది తెలియకుండా రాస్తే నీ కథలో బర్మావాడు నాటకంలో రాక్షసుడైపోతాడు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీద అక్కడ మనవాళ్లని "కోరంగీలు" అనేవారు. మామ్మ దగ్గర ఆ మాట ఒకసారి అని, ఆవిడ ముఖం చూడు.

ఆదివారం వెళ్తానన్నావుగా. వెళ్లగానే ఫోన్ ముందు పెట్టి రికార్డు నొక్కకు, మాట బిగుసుకుపోతుంది. కిలో చిక్కుడుకాయలు పట్టుకెళ్లు. ఇద్దరూ కూర్చుని ఈనెలు తీయండి. ఆ వాగులో నీళ్లు ఏ రంగులో ఉన్నాయో అడుగు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు