పాట ‘ఎక్కడం’ తెలుగేనా?

సందేహం: మేం నలుగురైదుగురు స్నేహితులం. ఆదివారం సాయంత్రాలు ఆర్.కె. బీచ్‌లో కూర్చుని కొత్తగా వచ్చిన ఇండీ, ఫోక్ రాక్ ఆల్బమ్‌లు వింటాం, ఎవరికేమనిపించిందో చెప్పుకుంటాం. మొన్న ఇంట్లో ఫోన్ మాట్లాడుతూ ఒక ఆల్బమ్ గురించి "నాకు ఎక్కలేదురా" అన్నాను. పక్కనే ఉన్న మా మావయ్య, రిటైరైన లెక్కల మాస్టారు, "బస్సెక్కుతారు, చెట్టెక్కుతారు. పాట ఎక్కడమేమిటి? నచ్చలేదను, లేదా బాగాలేదను" అని మందలించారు. నా మాట తప్పా? అలాగే ఇండీ, ఫోక్ రాక్ అనే మాటల్ని తెలుగులో ఏమనాలి?
– ఒక పాఠకుడు, సీతమ్మధార, విశాఖపట్నం

సమాధానం: మీ మాట తప్పు కాదు. చక్కటి తెలుగు. మీ మావయ్యగారు కూడా బడిలో పిల్లల గురించి "వీడికి లెక్కలు తలకెక్కవు" అని ఎన్నోసార్లు అనే ఉంటారు. ఆ ఎక్కడమూ ఈ ఎక్కడమూ ఒకటే.

బస్సు ఎక్కినప్పుడు ఎక్కేది మనిషి. కానీ తెలుగులో ఈ క్రియకు మరో నడక ఉంది. వస్తువో, గుణమో, మాటో కర్త అయి మనిషిలోకి ఎక్కుతుంది. తేలు కుడితే విషం ఎక్కుతుంది. కల్లు తాగితే కైపు ఎక్కుతుంది. పెద్దవాళ్లు చెప్పిన మాట కుర్రాళ్ల చెవికెక్కదు, పాఠం బుర్రకెక్కదు. నీళ్లు వేడెక్కుతాయి, కత్తి పదునెక్కుతుంది, అద్దకంలో బట్టకు రంగెక్కుతుంది. వీటన్నిటిలోనూ బయట ఉన్నదేదో కొంచెం కొంచెంగా లోపలికి చేరి, చేరిన చోటును మార్చేస్తుంది. పాట చేసే పని కూడా అదే కదా? ఇప్పటి కుర్రాళ్లు ‘కిక్కెక్కింది’ అంటున్నారంటే కైపు ఉన్న చోట కిక్కు వచ్చి కూర్చుందే తప్ప, ఎక్కడం మాత్రం కదల్లేదు.

మీ మావయ్యగారు చెప్పిన రెండు మాటలూ మంచివే. కానీ అవి ‘ఎక్కలేదు’కు బదులు రావు. ‘బాగాలేదు’ అనేది పాట మీద తీర్పు. పాడినవాడిలోనో, వాయించినవాడిలోనో లోపం ఉందని చెప్పడం. అలా అన్నాక ఎందుకు బాగాలేదో కారణం చెప్పే బాధ్యత మీదే. ‘నచ్చలేదు’లో తీర్పు మీ వైపు తిరుగుతుంది. ఈ నచ్చు అనే మాటకు నమ్మడం అనే అర్థం కూడా ఉంది. నచ్చజెప్పడం అంటే ఎదుటివాడు ఒప్పుకునేలా, నమ్మేలా చెప్పడమే. అంటే నచ్చలేదన్నప్పుడు మీ మనసు ఆ పాటను విని, చూసి, ఒప్పుకోలేదని అర్థం. విషయం అక్కడితో తేలిపోయింది.

‘ఎక్కలేదు’ దగ్గర అది ఇంకా తేలలేదు. పాట వచ్చింది, మీరున్నారు, మధ్యలో కలవలేదు. తప్పు ఎవరిదని ఆ మాట చెప్పదు. రేపు ఎక్కవచ్చు కూడా. అందుకే "ఇంకా ఎక్కలేదు", "మెల్లగా ఎక్కుతోంది", "మూడోసారికి ఎక్కింది" అనగలుగుతున్నాం. "మెల్లగా బాగుంటోంది" అని చూడండి, నోరు తిరగదు. ఒక ఆల్బమ్ మొదటిసారి వినగానే అభిప్రాయం చెప్పేవాళ్లకు ఇంతకంటే న్యాయమైన మాట నాకు తోచదు.

ఆల్బమ్ అని ప్రత్యేకంగా ఎందుకన్నానంటే, అది పాట కాదు, పాటల కట్ట. నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత గ్రామఫోను రికార్డు ఒక వైపు మూడు నాలుగు నిమిషాలే పలికేది. అందువల్ల కొన్ని రికార్డులు కలిపి, ఫోటోల ఆల్బమ్‌లాగా అట్టలు కట్టి అమ్మేవారు. పేరు అక్కడి నుంచి వచ్చింది. 1948లో లాంగ్ ప్లే రికార్డు వచ్చి, ఒక్కో వైపు ఇరవై నిమిషాల పైన పట్టాక అట్టల అవసరం పోయింది, పేరు నిలిచింది. అంతసేపు సాగే పాటల వరస ఒక్కసారికే ఎక్కాలనడం అన్యాయం.

ఇంకో సంగతి. ఈమధ్య "నేను ఈ ఆల్బమ్‌ను ప్రేమిస్తున్నాను" అనేవాళ్లు కనిపిస్తున్నారు. అది ఇంగ్లీషు నడక. తెలుగులో ఇలాంటి చోట మనిషి కర్తగా ముందుకు రాడు. నాకు నచ్చింది, నాకు గుర్తొచ్చింది, నాకు ఆకలేస్తోంది, నాకు ఎక్కింది. ఆ ‘కు’ చేర్చి మనం పక్కన నిలబడి, వచ్చినదానికి చోటిస్తాం. ఈ పద్ధతిని పోగొట్టుకోవద్దని మీకూ మీ స్నేహితులకూ గట్టిగా చెబుతున్నాను.

పూనకం మాత్రం వేరు. ‘పూనకం వచ్చింది’ అనే మాట ఇప్పుడు ప్రతి పాటకూ వాడుతున్నారు. జాతరలో డప్పు మోతకు మనిషి ఒళ్లు తెలియకుండా ఊగిపోవడం మన ఉత్తరాంధ్ర ఊళ్లలో చూసినవాళ్లకు దాని బరువు తెలుసు. ఎక్కడం నిదానం, పూనకం ఉన్నట్టుండి. మెత్తటి గిటార్ పాటకు పూనకం వచ్చిందంటే రెండు మాటలూ పలచబడతాయి.

ఇక పేర్లు. ‘ఇండీ’ ఇండిపెండెంట్‌కు కురచ రూపం. పెద్ద రికార్డింగ్ కంపెనీల మీద ఆధారపడకుండా చేసుకున్న సంగీతమని అసలు అర్థం, ఇప్పుడు ఒక శైలికి కూడా పేరైంది. మన దగ్గర సినిమాకు బయట వచ్చిన పాట అనే అర్థం కూడా చేరింది. 1990లలో విన్న ‘ఇండిపాప్’లోని ఇండి వేరు, అది ఇండియాలోంచి వచ్చింది. అందుకని ఇండీ అని దీర్ఘంతోనే రాయండి. తెలుగు మాటే కావాలంటే ‘స్వతంత్ర సంగీతం’ అనండి. ‘స్వాతంత్ర్య సంగీతం’ అనకండి, వినేవాళ్లకు ఆగస్టు పదిహేను గుర్తొస్తుంది. మీ మావయ్యగారి తరం సినిమాలో లేని పాటల్ని ‘ప్రైవేటు పాటలు’ అనేది. రేడియో పుణ్యమా అని ‘లలిత సంగీతం’ అనే మాట కూడా ఉంది, కానీ దాని శైలి వేరు కాబట్టి ఇక్కడ అతకదు.

ఫోక్ రాక్‌ను అలాగే ఉంచండి. ఇందులో రాక్ అంటే రాయి కాదు, ఊగడం. 1965లో అమెరికాలో జానపద ధోరణి పాటలకు ఎలక్ట్రిక్ గిటార్లు, డ్రమ్ములు కలిసినప్పుడు పత్రికలు ఈ పేరును వాడుకలోకి తెచ్చాయి. ‘జానపద రాక్’ అన్నా తప్పులేదు. రైలు ప్రయాణం, ఫోటో ప్రదర్శన లాంటి మిశ్రమ సమాసాలు మనకు కొత్త కాదు. అయితే ఒక జాగ్రత్త. రాసినవాడి పేరు తెలియకుండా నోటినోటా వచ్చినది జానపద గేయం. వంగపండు ప్రసాదరావు పాటలు ఉత్తరాంధ్ర పల్లె బాణీలో ఉన్నా వాటికి కవి ఉన్నాడు. అవి ‘జానపద బాణీ’ పాటలు. ఎవరైనా రేపు తప్పెటగుళ్ల (రొమ్ముకు తప్పెట కట్టుకుని వాయిస్తూ ఆడే ఉత్తరాంధ్ర ఆటపాట) దరువుకు గిటార్ కలిపి సొంత పాట చేస్తే దాన్నీ అలాగే అనాలి. తప్పెటగుళ్లు మాత్రం జానపదం.

మీరు అడగకపోయినా ఒకటి చెబుతాను. మన ప్రాంతంలో ఇదే మాటను "నాకెక్కనేదు" అంటారు. లేదు అనడానికి నేదు. వ్యాసంలో ‘ఎక్కలేదు’ అని రాయండి. బీచ్‌లో స్నేహితులతో మాత్రం, మీ ఇంట్లో ఆ పలుకుబడి ఉంటే, దాన్ని దిద్దుకోకండి.