కారం మిల్లుకు 35 శాతం సబ్సిడీ: ఆ డబ్బుతో మిరపకాయలు కొనొచ్చా?

"మా ఆవిడ పేరు మీద ఊళ్లో చిన్న కారం, పసుపు పొడుల యూనిట్ పెడదామనుకుంటున్నాం. 10 లక్షల ప్రాజెక్టుకు మూడున్నర లక్షలు గ్రాంటు వస్తుందంటున్నారు. ఆ డబ్బుతో సీజన్‌లో సరుకు కొనుక్కోవచ్చా?" అని ఒకాయన అడిగారు.

కొనలేరు. ఆ మూడున్నర లక్షలు మీ చేతికి రానే రావు. చిన్న ఆహార పరిశ్రమల పథకం పీఎంఎఫ్‌ఎంఈలో సబ్సిడీ నేరుగా బ్యాంకుకే వెళ్తుంది. అక్కడ మీ లోన్ పక్కనే మిర్రర్ అకౌంట్ అని ఒకటి తెరిచి అందులో వేసి ఉంచుతారు. లోన్ చివరి విడత విడుదలైన దగ్గర్నుంచి మూడేళ్లపాటు ఖాతా మొండిబాకీ పడకుండా, యూనిట్ నడుస్తూ ఉంటే అప్పుడు అప్పులో సర్దుతారు. కొత్త యూనిట్లు పెట్టేవాళ్లకు కేంద్రం ఇచ్చే ఇంకో సబ్సిడీ పథకం పీఎంఈజీపీలోనూ దాదాపు ఇదే తంతు. పేరుకే గ్రాంటు, పనిలోకి దిగాక అది బ్యాంకు అప్పు.

మీ 10 లక్షల్నే తీసుకుందాం. మెషినరీ 7 లక్షలు, షెడ్డు పనులు 3 లక్షలు. షెడ్డు పనులు 30 శాతం దాటకూడదు, స్థలం ఖరీదు లెక్కలోకే రాదు. మీ వాటా 10 శాతం, అంటే లక్ష. మిగతా 9 లక్షలు లోన్. సబ్సిడీ వచ్చి పడ్డాక ఆ మేరకు వడ్డీ వేయరు కాబట్టి మీ మీద వడ్డీ నడిచేది ఐదున్నర లక్షలకే. వచ్చేదాకా మాత్రం మొత్తం 9 లక్షల మీదా నడుస్తుంది. 11 శాతం అనుకుంటే నెలకు 8,250 వడ్డీకే పోతుంది. ఐదేళ్ల వాయిదా ఐదున్నర లక్షల మీద కడితే నెలకు దాదాపు 12 వేలు, 9 లక్షల మీదైతే 19,500 పైమాటే. మంజూరు లెటర్‌పై సంతకం పెట్టే ముందు వాయిదా ఏ మొత్తం మీద వేశారో చూసుకోండి. మొదటి విడత విడుదల చేశాక సబ్సిడీ క్లెయిమ్ పెట్టాల్సింది బ్రాంచి వాళ్లే. వాళ్లు మరిచిపోతే అడిగే దిక్కు మీరొక్కరే, మొహమాటపడితే వడ్డీ మీకే పెరుగుతుంది.

ఇంకో తిరకాసు. పీఎంఎఫ్‌ఎంఈ సబ్సిడీ యంత్రాలకీ షెడ్డు పనులకీ మాత్రమే. వర్కింగ్ క్యాపిటల్‌కి, అంటే సరుకు కొని యూనిట్ నడపడానికి కావాల్సిన డబ్బుకి వర్తించదు. కారం వ్యాపారంలో అసలు పెట్టుబడి తినేది మిరపకాయే. ఏడాది సరుకు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మధ్య కొని కోల్డ్ స్టోరేజీలో పెట్టుకోకపోతే, ఆగస్టులో వ్యాపారి చెప్పిందే రేటు. అందుకే కొత్తగా పెట్టేవాళ్లు, అందునా పల్లెలో ఉండే మహిళ పేరు మీద పెట్టేవాళ్లు పీఎంఈజీపీ వైపు చూడాలని నా గట్టి అభిప్రాయం. సబ్సిడీ అక్కడా 35 శాతమే, కానీ సొంత వాటా 5 శాతం చాలు, ఒక విడత వర్కింగ్ క్యాపిటల్ కూడా ప్రాజెక్టు ఖర్చులో కలుస్తుంది. తయారీ యూనిట్‌కు 50 లక్షల దాకా వెళ్లొచ్చు. ఇప్పటికే నడుస్తున్న గిర్నీకి మాత్రం ఈ 35 శాతం రాదు, అది కొత్త యూనిట్లకే. పాతదాన్ని పెంచుకోవాలంటే పీఎంఎఫ్‌ఎంఈ వైపు చూడండి. 2020లో ఐదేళ్లకని మొదలుపెట్టి 2025-26 వరకు పొడిగించిన పథకం అది, కాబట్టి ముందు పోర్టల్ దరఖాస్తులు తీసుకుంటోందో లేదో చూడండి, పీఎంఈజీపీకీ అంతే.

పీఎంఈజీపీలో చాలామందికి తెలియని షరతు ఒకటుంది. క్యాష్ క్రెడిట్ లిమిట్ (సరుకు కోసం అవసరమైనప్పుడల్లా వాడుకుని తిరిగి కట్టే అప్పు పరిమితి) తీసుకుంటే ఆ మూడేళ్లలో ఒక్కసారైనా పూర్తిగా వాడాలి, సగటు వాడకం 75 శాతానికి తగ్గకూడదు. తగ్గితే ఆ మేరకు సబ్సిడీ వెనక్కి తీసుకుంటారు. సబ్సిడీ ఎక్కువ వస్తుందని లిమిట్ పెద్దగా రాయించుకుని వాడకుండా కూర్చున్నవాళ్లకు మూడేళ్ల తర్వాత దెబ్బ తగిలేది ఇక్కడే.

ఇక ఫైలు ఎక్కడ తిరగబడుతుందో చెప్తాను. జిల్లా కమిటీ దగ్గర కాదు, బ్యాంకు మేనేజర్ టేబుల్ మీద. కన్సల్టెంట్ ఇచ్చిన ప్రాజెక్టు రిపోర్టు స్పైరల్ బైండింగ్‌తో, రంగుల అట్టతో ఘనంగానే ఉంటుంది. మేనేజర్ మొదటి పేజీలు చూడడు, నేరుగా లెక్కల పట్టికకి వెళ్తాడు. మెషీన్ గంటకు 100 కిలోలు, రోజుకు 8 గంటలు, నెలకు 25 రోజులు, మొదటి ఏడాది 60 శాతం సామర్థ్యం అని రాసి ఉంటుంది. ఈ చివరి ముక్క రాష్ట్రంలో ప్రతి రిపోర్టులోనూ ఉంటుంది, రైస్ మిల్లయినా అగరబత్తీలయినా అదే. ఆయన కాలిక్యులేటర్ తీస్తాడు. 60 శాతానికి రోజుకు 480 కిలోలు. మిరపకాయ క్వింటా 15 వేలనుకున్నా రోజుకు 72 వేల సరుకు కావాలి. కింద వర్కింగ్ క్యాపిటల్ కాలమ్‌లో చూస్తే లక్ష రూపాయలుంటుంది.

"ఏమ్మా, ఒకటిన్నర రోజుకు సరిపడా డబ్బుతో నెలంతా ఎలా నడుపుతారు? కాయ ఎక్కడ కొంటారు? ఏ రకం?" అని అడుగుతాడు. దరఖాస్తు పెట్టిన అమ్మాయి పక్కనున్న కన్సల్టెంట్ వైపు చూస్తుంది. ఆ చూపుతోనే ఫైలు అడుక్కి పోతుంది.

అందుకే ఆ పట్టిక మీరే కూర్చుని రాయండి. చిన్న యూనిట్‌కు రోజుకు 100 కిలోలు చాలు. నెలకు 25 క్వింటాళ్లు, 15 వేల చొప్పున మూడు లక్షల డెబ్బై ఐదు వేలు. ముచ్చికలు తీశాక, తాలు ఏరాక, ఎండబెట్టాక బరువులో పదో వంతు దాకా పోతుందని లెక్క వేయండి. కారానికి తేజ రకం, రంగుకి బాడిగ రకం కాయలు కలుపుతామని, ఏ పాళ్లలో కలుపుతామో కూడా రాయండి. అమ్మకం దగ్గర "స్థానిక మార్కెట్" అని గాలిలో రాయకుండా, సరుకు తీసుకుంటామన్న కిరాణా కొట్లు, హాస్టళ్లు, కర్రీ పాయింట్ల పేర్లు, నెలకు ఎన్ని కిలోలో రాయండి. రెండు పేజీల చేతిరాత లెక్క నలభై పేజీల స్పైరల్ బైండింగ్ కంటే ఎక్కువ పని చేస్తుంది.

ఈ కన్సల్టెంట్ల సంగతి కూడా చెప్పుకోవాలి. సబ్సిడీలో పది శాతం ఇస్తే పని చేయిస్తామనేవాళ్లు ప్రతి మండలంలో ఉన్నారు. పీఎంఎఫ్‌ఎంఈలో దరఖాస్తు నింపి, రిపోర్టు రాసి, బ్యాంకు చుట్టూ తిరగడానికి జిల్లా రిసోర్స్ పర్సన్ అని మనిషిని పెట్టారు. మంజూరైన ఒక్కో కేసుకు 20 వేలు ప్రభుత్వమే వాళ్లకిస్తుంది. మీరు రూపాయి ఇవ్వక్కర్లేదు. చిన్న పరిశ్రమగా నమోదు చేసుకునే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ కూడా ఉచితమే, దానికి నెట్ సెంటర్లో వేలు వసూలు చేస్తుంటే లేచి వచ్చేయండి.

దరఖాస్తుకు ముందు ఇంట్లో చూసుకోవాల్సింది సిబిల్, అంటే మీ పాత అప్పుల చరిత్ర చూపే రిపోర్టు. పాత పంట రుణం రుణమాఫీలో పోతుందని కట్టకుండా వదిలేస్తారు, అది మొండిబాకీగా ఎక్కి కూర్చుంటుంది. బంగారం లోన్ వాయిదా దాటినా కనిపిస్తుంది, సెటిల్‌మెంట్ చేసుకున్నదీ కనిపిస్తుంది. బాకీ ఉంటే కట్టేసి నో డ్యూ సర్టిఫికెట్ తీసుకున్నాకే దరఖాస్తు పెట్టండి. తాకట్టు గురించి కూడా తెలుసుకోండి. చిన్న పరిశ్రమకు మీ 9 లక్షల్లాంటి అప్పుకు ఆస్తి తాకట్టు అడగకూడదని రిజర్వ్ బ్యాంకు నిబంధన. అయినా అడిగేవాళ్లు అడుగుతారు. నోటి మాటతో అడిగితే, కాగితం మీద రాసివ్వమనండి.

లోన్ మంజూరుకు ముందు మిషన్ కొనకండి, అడ్వాన్స్ కూడా ఇవ్వకండి. ముందే పెట్టిన ఖర్చు ప్రాజెక్టులో చూపించడం కుదరదు. కొటేషన్ మీద జీఎస్టీ నంబరు, మోడల్, మోటార్ హెచ్‌పీ ఉండాలి. డబ్బు బ్యాంకు నుంచి నేరుగా అమ్మకందారు ఖాతాకే పోతుంది. పది హెచ్‌పీ పల్వరైజర్ (పొడి ఆడే మిషన్) తీసుకుంటే త్రీఫేజ్ ఇండస్ట్రియల్ సర్వీసు కావాలి, ఇంటి మీటరు మీద నడపడం కుదరదు. కరెంటు లైన్ లాగే ఖర్చు, ట్రాన్స్‌ఫార్మర్ దూరం ముందే లైన్‌మన్‌ని అడిగి అంచనాలో కలపండి. యంత్రం వచ్చి మూడు నెలలు సర్వీసు రాక మూలన పడి ఉంటే, వడ్డీ మాత్రం ఆగదు. షెడ్డు అద్దెదైతే లీజు అగ్రిమెంటు రిజిస్టర్ చేయించండి, లోన్ కాలానికి సరిపోయేలా.

సరుకు తగిలే భాగాలన్నీ స్టెయిన్‌లెస్ స్టీల్‌వి అడగండి. మామూలు ఇనుప సుత్తులు అరిగితే ఆ రజను కారంలోకే వస్తుంది. ఒకేసారి సన్న జల్లెడ మీద ఆడిస్తే పొడి వేడెక్కి రంగు నల్లబడుతుంది, ఘాటు తగ్గుతుంది. ముందు ముతకగా, తర్వాత సన్నగా, రెండు విడతల్లో ఆడించి పళ్లాల్లో ఆరబోశాకే ప్యాకింగ్. కారం పొడిలో తేమ 11 శాతం దాటకూడదు, దాటితే ప్యాకెట్లో గడ్డ కడుతుంది, బూజు పడుతుంది. రంగు నిలవడానికి నూనె కలిపితే 2 శాతం లోపే, ఆ సంగతి లేబుల్ మీద రాయాలి. ఫుడ్ సేఫ్టీ నంబరు లేకుండా ఒక్క ప్యాకెట్ కూడా బయటికి వెళ్లకూడదు.

డ్వాక్రా సంఘంలో ఉంటే మనిషికి 40 వేలు సీడ్ క్యాపిటల్ అని కూడా వింటుంటారు. అది పీఎంఎఫ్‌ఎంఈలో భాగమే. గ్రాంటుగా వెళ్లేది సమాఖ్యకు, సభ్యురాలికి అప్పుగానే ఇస్తారు, తిరిగి కట్టాలి. కాకపోతే అది వర్కింగ్ క్యాపిటల్‌కు వాడుకోవచ్చు, పీఎంఎఫ్‌ఎంఈలో మీరడిగిన సరుకు కొనుగోలుకు కాస్తో కూస్తో పనికొచ్చేది అదొక్కటే.

మూడేళ్లు నిండే నెల క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి. ఆ వారమే బ్రాంచికి రాతపూర్వకంగా అడగండి, సబ్సిడీ మొత్తం లోన్‌లో సర్దమని. తనిఖీకి వచ్చినప్పుడు యంత్రాలు అదే షెడ్డులో, అవే సీరియల్ నంబర్లతో ఉండాలి. పీఎంఈజీపీ అయితే పథకం పేరు రాసిన బోర్డు కూడా గోడకు ఉండాలి. మేనేజర్లు మారిపోతారు కాబట్టి, మంజూరు లెటర్, సబ్సిడీ జమైన తేదీ ఉన్న స్టేట్‌మెంట్ జిరాక్సు కాపీలు మీ దగ్గరే ఫైలులో పెట్టుకోండి.