మూత్రం చివరిసారి ఎప్పుడు పోశాడు?

ప్రశ్న: మా బాబుకు ఏడాదిన్నర. రెండు రోజులుగా రోజుకు ఏడెనిమిదిసార్లు నీళ్ల విరేచనాలు అవుతున్నాయి, మధ్యలో రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. పళ్లు వస్తున్నప్పుడు ఇది మామూలేననీ, పాలూ అన్నమూ ఆపితే తగ్గిపోతుందనీ మా అత్తగారు అంటున్నారు. మందుల షాపులో విరేచనాలు కట్టే మందు ఇచ్చారు గానీ, వేయడానికి భయపడుతున్నాను. ఆసుపత్రికి ఎప్పుడు తీసుకెళ్లాలి? - ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మీరు ఆ మందు వేయకపోవడం చాలా మంచిదైంది. విరేచనాలు కట్టే మందులు పసిపిల్లల్లో పేగుల కదలికను స్తంభింపజేసి కొత్త ప్రమాదం తెచ్చిపెట్టగలవు. ఇక పళ్ల సంగతి: పళ్లు వచ్చే వయసూ, చేతికందిన ప్రతిదీ నోట్లో పెట్టుకునే వయసూ ఒకటే కావడం వల్ల నింద పళ్ల మీదికి పోతోంది గానీ, ఈ వయసులో నీళ్ల విరేచనాలకు ఎక్కువగా వైరస్‌లే కారణం.

విరేచనాలు ఎన్నిసార్లు అయ్యాయో తల్లులు వేళ్ల మీద లెక్కపెట్టి చెబుతారు. నేను మాత్రం బిడ్డ మూత్రం చివరిసారి ఎప్పుడు పోశాడని ముందుగా అడుగుతాను, ఎందుకంటే ఒంట్లో నీరు ఎంత మిగిలి ఉందో ఇంటి దగ్గర తెలుసుకోవడానికి అంతకన్నా సులువైన గుర్తు లేదు.

ఓఆర్ఎస్ వెంటనే మొదలుపెట్టండి. లీటరు ప్యాకెట్ అయితే మొత్తం పొడినీ కాచి చల్లార్చిన ఒక లీటరు నీటిలో ఒకేసారి కలపాలి. గ్లాసుకు ఇంత పొడి అని అందాజుగా వేస్తే ఉప్పు ఎక్కువై హాని చేయవచ్చు, తక్కువై పని చేయకపోనూవచ్చు. కలిపిన నీటిని 24 గంటలు దాటాక పారబోయండి. రెండేళ్ల లోపు పిల్లలకు విరేచనం అయిన ప్రతిసారీ 50 నుంచి 100 మిల్లీలీటర్లు పట్టాలి. దాహంతో ఉన్న బిడ్డ గ్లాసు లాక్కుని గటగటా తాగి మరుక్షణం కక్కేస్తాడు, "వీడికి ఓఆర్ఎస్ పడదు" అని ఇంట్లో అందరూ తీర్మానించేస్తారు. ఉగ్గుగిన్నెలో పోసుకుని, నిమిషానికో రెండు నిమిషాలకో ఒక చెంచా చొప్పున పట్టి చూడండి. వాంతి అయితే పది నిమిషాలు ఆగి, ఇంకా నెమ్మదిగా మళ్లీ మొదలుపెట్టండి.

షాపులో అట్టపెట్టెల్లో దొరికే తియ్యటి పానీయాలు దీనికి బదులు కావు, వాటిలోని ఎక్కువ చక్కెర పేగులోకి నీటిని లాగి విరేచనాలను పెంచుతుంది. ఇటువంటి పానీయాల మీద ఓఆర్ఎస్ అన్న పేరు ఉండకూడదని హైదరాబాద్‌కు చెందిన పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడగా, 2025 అక్టోబరులో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ఆ పేరు వాడకాన్ని నిషేధించింది.

పాలు మాన్పించవద్దు, తల్లిపాలు తాగుతుంటే అసలే వద్దు. మెత్తటి పప్పన్నం, పెరుగన్నం, ఇడ్లీ, అరటిపండు కొద్దికొద్దిగా పెట్టండి. తిండి ఆపితే బిడ్డ నీరసించడమే గాక పేగు కోలుకోవడమూ ఆలస్యమవుతుంది. దీనితోపాటు జింక్ రోజుకు 20 మిల్లీగ్రాముల చొప్పున 14 రోజులు, మధ్యలో విరేచనాలు తగ్గినా ఆపకుండా, ఇవ్వాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఓఆర్ఎస్, జింక్ రెండూ ఉచితంగా ఇస్తారు.

ఆరేడు గంటలుగా మూత్రం లేకపోయినా, ఏడ్చినా కన్నీళ్లు రాకపోయినా, కళ్లు లోపలికి పోయి నోరు ఎండినా, పొట్ట మీది చర్మాన్ని చిటికెతో పట్టి వదిలితే మడత నెమ్మదిగా సర్దుకుంటున్నా, విరేచనంలో రక్తం కనిపించినా, తాగిందంతా కక్కేస్తున్నా తెల్లవారేదాకా చూద్దామనుకోకుండా ఆసుపత్రికి వెళ్లాలి. వాంతి ఆకుపచ్చగా అవుతున్నా, బిడ్డ పిలిచినా పలకనంత మగతగా ఉన్నా గంట కూడా ఆగకూడదు. ఆ ప్రమాద సూచనలేవీ లేకపోయినా, రెండు రోజులుగా ఇన్నిసార్లు అవుతున్నాయి కాబట్టి, మీ బాబును ఈరోజే ఒకసారి డాక్టరుకు చూపించండి.

ప్రశ్న: మా రెండేళ్ల పాపకు పోయిన నెల జ్వరంలో ఫిట్స్ వచ్చాయి. చేతిలో తాళాలు పెట్టాం, పళ్ల మధ్య చెంచా దూర్చాం, రెండు నిమిషాల్లో తగ్గింది. మళ్లీ వస్తే ఏం చేయాలి? - ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: తాళాల వల్ల ఉపయోగమూ లేదు, నష్టమూ లేదు, చెంచా వల్ల మాత్రం పన్ను ఊడి గొంతులో పడవచ్చు. పాపను పక్కకు తిప్పి పడుకోబెట్టండి, మెడ దగ్గరి బట్టలు వదులు చేయండి, నోట్లో నీళ్లు కూడా పోయకండి, గడియారం చూడండి. అయిదు నిమిషాలు దాటినా, ఒకే పక్క కాలూ చెయ్యీ కొట్టుకుంటున్నా, ఒకే రోజు రెండోసారి వచ్చినా, ఆగాక పాప తెలివిలోకి రాకపోయినా 108కి ఫోన్ చేయండి. ఆరు నెలల నుంచి అయిదేళ్ల లోపు పిల్లల్లో జ్వరంతో వచ్చే ఈ మామూలు ఫిట్స్ వల్ల తెలివితేటలు తగ్గవు, ఆ భయం పెట్టుకోకండి. పారాసెటమాల్ మోతాదు పాప బరువును బట్టి డాక్టరు చేత రాయించుకోండి. చుక్కల సీసాలో మందు సిరప్‌లో కన్నా చాలా గాఢంగా ఉంటుంది కాబట్టి, సిరప్ కొలతతో చుక్కల మందు ఎన్నడూ పోయకండి.