పాత గడియారం: మీ ప్రశ్నలు, నా జవాబులు

ప్రశ్న (కరీంనగర్ నుంచి ఒక పాఠకుడు): మా నాన్న స్విస్ చేతి వాచీ వెనక ‘ప్లాకే ఓర్ 20 మైక్రాన్స్’ అని ఉంది. బంగారమేనా?

బంగారు పూత. ఇరవై మైక్రాన్లంటే మిల్లీమీటరులో యాభయ్యో వంతు మందం. పాలిష్ పెట్టించకండి, పూత అరిగిపోతుంది.

ప్రశ్న (కాజీపేట నుంచి ఒక పాఠకురాలు): నమస్తే సార్. మా తాత రైల్వేలో గార్డు. ఆయన జేబు గడియారం వెనక మూత లోపల చిన్న పక్షి బొమ్మ, 0.800 అని ఉన్నాయి. దాని కింద ఉన్న ఇంకో మూత మీద ‘కువెత్ మెటాల్, రెమాంత్వార్, సిలాండ్ర్ 10 రూబి’ అని చెక్కారు. కొట్టులో చూపిస్తే ‘మెటల్ అని వాళ్లే రాశారు, వెండి కాదమ్మా’ అన్నారు. నిజమేనా?

కాదమ్మా, ఆ వెనక మూత వెండిదే. కువెత్ అంటే ఫ్రెంచిలో లోపలి మూత. ‘లోపలి మూత మాత్రం మామూలు లోహం’ అని తయారుచేసినవాళ్లు కొనేవాళ్లకు ముందే చెప్పిన మాట అది. కొట్టువాళ్లు ఆ ఒక్క మాట పట్టుకుని గడియారమంతా వెండి కాదనేశారు. ఏ ముద్ర ఏ ముక్క మీద ఉంటే ఆ ముక్క గురించే చెబుతుంది.

ఆ పక్షి అడవికోడి జాతిది. స్విట్జర్లాండ్‌లో 1880లో చేసిన చట్టం ప్రకారం 1882 నుంచి ఈ ముద్రలు వేసేవారు. అడవికోడి ఉంటే వందకు ఎనభై పాళ్లు వెండి. ఎలుగుబంటి ఉంటే 0.875. మూడు ఎలుగుబంట్లుంటే 0.935, బ్రిటన్‌లో 1887లో వచ్చిన చట్టం వల్ల ఆ ముద్ర పుట్టింది. స్త్రీ తల 18 క్యారెట్ల బంగారానికి, ఉడత 14 క్యారెట్లకు.

రెమాంత్వార్ కంపెనీ పేరనుకుని అడిగేవాళ్లు చాలామంది. విడి తాళం చెవి అక్కర్లేకుండా పైనున్న బొత్తాం తిప్పి కీ ఇచ్చే గడియారమని అర్థం, అంతే. సిలాండ్ర్ అనేది లోపలి మిషన్ రకం పేరు. పది రూబీలంటే మిషన్‌లో ఇరుసులు తిరిగే చోట పెట్టిన రాళ్లు. నగల రాళ్ల ధర వాటికి రాదు. గడియారమంతా తూకం వేసి తులాల లెక్కన వెండి ధర కట్టనివ్వకండి, లోపలి మిషన్ ఇత్తడి, ఉక్కు.

ఇంకో మాట, ఇది గట్టిగా చెబుతున్నాను. చింతపండు, విబూది పెట్టి మూత లోపల తోమకండి. ఒకాయన తెచ్చిన గడియారానికి అంతకుముందే ఎవరో బఫ్ మిషన్ పెట్టారు. భూతద్దంలో చూస్తే మూడు ఎలుగుబంట్ల చోట మూడు చిన్న ఉబ్బులు మిగిలాయి, అంకె లేదు. అది 0.935 అని నాకు తెలుసు, ఆయనకు చూపించడానికి మాత్రం ఏమీ లేదు. ఆ రోజు నాకు అన్నం సయించలేదు.

మూత లోపల సూదితో గీసిన సన్నటి అక్షరాలుంటే వాటినీ ఉంచండి. బాగుచేసినవాళ్లు తమ గుర్తు, తేదీ అలా గీసుకునేవాళ్లు. వరంగల్‌లో నాకు పని నేర్పిన ఉస్తాద్ కూడా గీసేవారు. ఫోటో తీసి పంపండమ్మా, ఆయన చేతిగీత అయితే గుర్తుపడతాను.